మీ ముందు ఎనభై నాలుగు వేల మంది

అమ్మకం తొమ్మిదింటికి అన్నారు.
సెంగా రాఫెర్టీ ఎనిమిదింటికే కూర్చుంది
గ్లాస్గోలో రొట్టెల ఫ్యాక్టరీ వెనక మెట్ల మీద.
రాత్రి షిఫ్టు పిండి ఇంకా మోచేతుల్ని వదల్లేదు.
ఒళ్లో ఫోను, పక్కన ఫిబ్రవరి తాగేస్తున్న టీ,
ఖాతాలో నూట నలభై పౌండ్లు.
పోయిన వేసవి నించి వారానికి అయిదు చొప్పున
బిస్కెట్ డబ్బాలో పడ్డవి.

తెర మీద ఒక బొమ్మ మనిషి
సన్నటి గీత మీద నడుస్తున్నాడు.
వాడు నడిచినంతసేపూ నువ్వు కదలకూడదు.
మీ ముందు ఎనభై నాలుగు వేల రెండు వందల పదమూడు మంది.
కొండవీటి చాంతాడంటారు గానీ
దానికైనా చివర ఒక బావి ఉంటుంది.

ఆ నలుగురినీ ఆమె మొదట విన్నది
క్లైడ్ ఒడ్డున పబ్బు కింద నేలమాళిగలో.
మూడు పౌండ్లు. చేతి మీద ఊదారంగు ముద్ర.
ముప్ఫై మంది జనం,
అందులో ఆరుగురు వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్లు.
డ్రమ్ముల కుర్రాడి కర్ర విరిగితే
కౌంటరు వెనక నించి చెక్క గరిటె అందించింది తనే.
మిగతా రెండు పాటలూ ఆ గరిటెతోనే.
అతనికి గుర్తుండాలని లేదు.
గరిటె మాత్రం వంటింట్లో ఉంది, అంచు చిట్లి.

పదిన్నరకు తలుపు తెరుచుకుంది.
నిలబడే చోటు డెబ్బై అయిదు.
నొక్కింది. చక్రం తిరిగింది. క్షమించండి, నూట పన్నెండు.
గిరాకీని బట్టి, అంది చీమంత అక్షరం.
సేవా రుసుము పంతొమ్మిది.
సదుపాయ రుసుము ఆరున్నర.
నీ ఇంట్లో, నీ కాగితం మీద, నీ సిరాతో
నువ్వే అచ్చేసుకున్నందుకు రెండున్నర.
వేళ్ల మీద కూడింది: సరిగ్గా నూట నలభై.
ఎవరో తన డబ్బాలోకి తొంగిచూసినట్టు
ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది.

ఎవరి సదుపాయం అని అడుగుదామంటే
అక్కడ మనిషి లేడు.
పైగా ఆమెనే అడిగింది: నువ్వు మనిషివేనా?
అయితే ట్రాఫిక్ లైట్లున్న గళ్లు చూపించు.
చూపించింది. ఇప్పుడు సైకిళ్లు. చూపించింది.
యాభై మూడేళ్ల మనిషి
తాను మనిషినని రెండుసార్లు రుజువు చేసుకునేలోగా
అయిపోయాయి.
రెండు నిమిషాలకి ఇంకో చోట అవే టికెట్లు
నాలుగు వందల పది.

రొట్టె కోసం జనం ఎక్కువ వచ్చారని
మేం కూడా గంటకోసారి వెల పెంచితే
కిటికీ అద్దాలు మిగిలేవా?
అని అడిగింది గేటు దగ్గరి కాపలా ముసలాణ్ని.
పాపం, ఆయనకి ఆ వైపు చెవి వినపడదు.

ఆదివారం అక్క ఇంట్లో భోజనం.
అక్క కొడుకు లాక్లన్ బల్ల కింద మోకాలు తట్టాడు.
పిన్నీ, నా దగ్గర ఆరున్నాయి.
బయట నాలుగొందలు. నువ్వు గనక రెండొందల ఇరవై.
నాలుగు ఫోన్లు, పదకొండు పేర్లు,
ఎలా పట్టాడో చెప్పాడు,
సగం గర్వంగా, సగం పళ్లెంలోకి చూస్తూ.
డెలివరీ పని పోయి అయిదు నెలలు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.
ఆ రెంటి నడుమ సొమ్ము మూట కట్టేవాడి ముఖం
ఆమె అన్నాళ్లూ ఊహించుకుంటూ తిట్టుకుంది.
ఇదన్నమాట. గడ్డం కింద ఇంకా మొటిమలు.
వీడికి పళ్లొస్తున్నప్పుడు
ఆ నలుగురి పాటే పాడి జోకొట్టింది.

బంగాళాదుంపల గిన్నె వాడి వైపు జరిపింది.
టికెట్టు సంగతి?
తిను ముందు, అంది.

జూన్‌లో ఆ రోజు ఆరింటికే డ్యూటీ ఎక్కింది.
ఫోను లాకర్లో పెట్టి తాళం వేసింది.
మూడింటి విరామంలో తీస్తే వాడి కబుర్లు వరసగా:
ఏడుంబావు: వందకిస్తాను.
ఏడు నలభై: ఎవరూ కొనట్లేదు. నలభై.
ఎనిమిదీ అయిదు: ఊరికే ఇస్తాను, రా పిన్నీ.
ఆపైన చాలాసేపు ఏమీ లేదు.

నువ్వెళ్లావా? అని రాసింది.

వాడూ మేలుకునే ఉన్నాడు.
లేదు. గేటు బయటే నించున్నా.
రెండో పాట దాకా వినిపించింది.
తర్వాత గాలి మళ్లింది.

లోపల ట్రేలు కదిలిన చప్పుడు.
పిండి చేత్తోనే, తెర మసకబారుతుంటే,
రెండోది ఏ పాట? అని రాయసాగింది.