నడిమి దర్వాజ

నల్లగొండ కలెక్టరేట్ల, మెట్ల కింది అర్రల నా కొలువు.
ఒక కుర్చీ, గరగరమనే ఫ్యాను,
పచ్చగ మినుకుమనే మూడు పెట్టెలు.
ప్రాక్సీ మాడ్యూల్ ఎక్కించిన్నాడు రాత్రి
అమ్మ ఫోన్‌ల అడిగింది: "ఏం పని బిడ్డా అది?"
"దర్వాజ పనే అమ్మా. వచ్చినోళ్ల మాట లోపలికి,
లోపలి మాట వచ్చినోళ్లకు."
"గంతేనా? గాదానికి జీతమిస్తరా?"

గంతే గాదు.
లోపల పింఛన్ల సర్వరు ఉన్నది, ముసల్ది,
ఎనభై ఎనభై పోర్టుల కూసోని ఎవ్వరి మొఖం సూడది.
దాని ఇల్లు బయటోళ్లకు తెల్వొద్దు.
అది జవాబిస్తే, ఆ జవాబుల దాని ఇంటి నంబరు కొట్టేసి
నాది రాసి బయటికి పంపుత.

సోమవారం. ప్రజావాణి.
గేటు కాడ, జిరాక్సు డబ్బా పక్కన చినిగిన గొడుగు కింద
ఖాసీం సాబు అర్జీలు రాస్తడు.
ముప్పై ఏండ్ల సంది ఒకటే చెయ్యి, ఒకటే నీలి సిరా.
మర్రిగూడ సైదమ్మ వంగిన మోకాళ్లు,
కాలువల పోయిన పాచ్యా ఎకరం,
ఎవరి బాధైనా ఆ నీలి సిరాలనే లోపలికి పోతది.
ఒకపారి పై సారు అడిగిండట:
"ఎవడయ్యా వీడు, ఇన్ని కష్టాలు ఒక్కనికేనా?"
అటెండర్ జానయ్య నవ్వుకుంట చెప్పిండు.
నాకు నవ్వు రాలె.
ఆ మాపటికే నా ఫైల్ల ఒక వరుస చేర్చిన:
అడిగినోళ్ల అసలు చిరునామా
ముందుగాల రాసి పంపాలె అని.
లేకుంటే లోపలున్నదానికి అందరూ నేనే.
దర్వాజకే ఆకలైతున్నదనుకుంటది.

పదకొండు గంటలకు
ముసల్ది సగం మాట చెప్పి కూలింది.
తెర మీద ఐదువందల రెండు. బ్యాడ్ గేట్‌వే.
"దర్వాజ ఖరాబైందట," లైన్ల ఎవరో అన్నరు.
ఇంకెవరో నన్ను తిట్టిన్రు, నా ఎదురుంగనే.
దర్వాజకేం కాలె.
అది సక్కగున్నది గాబట్టే
లోపల సప్పుడు లేదని చెప్పింది.
గా ముక్క ఎవరికి చెప్పుదు?

సైదమ్మ గోడ పట్టుకొని అర్రలకొచ్చింది.
"ఎంతసేపాగాలె బిడ్డా?"
"లోపల్నుంచి సప్పుడు రాకుంటే
ఇది అరవై సెకండ్లు ఆగుతది అవ్వా. అటెన్క ఇడిసిపెడ్తది."
"అరవయ్యేనా! అదృష్టం దానిది.
నేను పదకొండు నెల్ల సంది ఆగుతున్న.
నాకెవరు రాయాలె గా నంబరు?"

ముసల్దాన్ని మల్ల లేపిన. లేశింది, పడ్డది.
ఇంకోపారి లేపలె.
కుర్చీ జరిపి, సైదమ్మ కాయితం అందుకొని
మెట్లెక్కిన.
జానయ్య స్టూలు ఖాళీగున్నది.
లోపల ఫ్యాను తిరుగుతున్న సప్పుడు.
తలుపు కొట్టిన.
ముందుగాల ఆమె పేరు చెప్పిన, ఆమె ఊరు.
నా పేరు ఎవరూ అడగలె.