బి డివిజన్, ఏడో స్థానం

మైదానం గీతలు గీసేది నేనేనండి.
సున్నానికి డబ్బుల్లేక
రైస్‌మిల్లు నుంచి ఊక బూడిద రెండు బస్తాలు
సైకిలు క్యారేజీకి కట్టుకొచ్చి
చిల్లుల డబ్బాలో పోసి
తాడు వెంట వంగి నడుస్తాను.
ఆట మొదలైన పావుగంటకి
సగం గీత కుర్రాళ్ల పిక్కలకంటుకుని పోతుంది.
బంతి బయటికెళ్లిందా లేదా అన్నది
ఆ తరవాత నమ్మకం మీదే నడవాలి.

తూర్పు కార్నర్ జెండా ఉండాల్సిన చోట
పోయినేడు రొయ్యల చెరువు తవ్వారు.
అటునుంచి కొట్టేవాడికి
గట్టు మీద ఒక కాలు, గడ్డిలో ఒక కాలు.
నీళ్లలో పడ్డ బంతిని
కాపలా నూకరాజు మేత చల్లే తెప్ప మీద వెళ్లి తెచ్చేవాడు.
ప్రతిసారీ తిట్టేవాడు,
తిట్టి, లుంగీతో తుడిచి మరీ ఇచ్చేవాడు.
చూసేవాళ్లు మాకు పెద్దగా లేరు.
చప్పట్లన్నీ ఏరియేటర్లవే,
గోలు పడ్డా
పడకపోయినా.

జెర్సీలు కుట్టింది మా గోలీ వల్లీబాబా.
తొమ్మిది అంకె తలకిందులైంది.
తొలకరి నుంచి కార్తీకం దాకా
మా జట్టులో ఇద్దరు ఆరో నంబర్లు.
రిఫరీ ఎవడికి పసుపు కార్డు చూపించినా
రెండోవాడు దణ్ణం పెట్టేవాడు.

నరసాపురం ఆట గురించి చెప్పాలి.
రిఫరీ ఎక్కిన రైలు లేటు.
ఐదింటికి మొదలవ్వాల్సింది ఐదున్నర దాటింది.
యేసుపాదం పొద్దుటే యాభై కొబ్బరిచెట్లెక్కి దింపు తీసి వచ్చాడు.
బూట్లు లేందే ఆడనివ్వరని
ఎవరివో తొడిగించాం, కుక్కపిల్లని సంచిలో వేసినట్టు
లోపల కాళ్లు కొట్టుకున్నాయి.
డెబ్బై ఒకటో నిమిషం.
ఎడం బూటు ఊడి గాల్లోకి లేచింది.
బూటు ఒక వైపు, బంతి ఒక వైపు.
వాళ్ల గోలీ బూటుని పట్టుకున్నాడు.

ఒకటి సున్నా. మేము. వాళ్ల ఊళ్లో.

ఎనభయ్యో నిమిషానికి రేవులో పంటు కూత పెట్టింది.
అదే ఆఖరిది.
అది దాటితే చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి రావాలి,
ఆటోవాడు ఎనిమిది వందలంటాడు,
మా పదిహేను మంది జేబులూ దులిపితే మూడొందల ఇరవై.
వల్లీబాబా బిడ్డకి జ్వరం.
యేసుపాదానికి తెల్లారితే మళ్లీ దింపు.
ఎవరూ ఎవర్నీ అడగలేదు.
గోలు కాడి గోలీ ముందు పరుగెత్తాడు,
వెనక అందరం.
బూడిద గీత దాటాం, రోడ్డు దాటాం,
చేపల బుట్టల మధ్యనుంచి పంటెక్కేశాం.
వశిష్ఠ మధ్యకొచ్చాక
అవతలి గట్టున రిఫరీ ఈల వినబడింది.
పోటు మీదుంది నది. పంటు కాస్త పక్కకి కొట్టుకుపోయింది.
యేసుపాదం ఒక్క కాలికే బూటుతో కూచుని
పకోడీ పొట్లం విప్పాడు.

అసోసియేషన్ కాగితం మీద
అది మూడు సున్నా. మేము ఓడినట్టు.

ఆఖరి ఆట జరగలేదండి.
వాయుగుండమని మూడో నంబరు ఎగరేశారు.
వాన తగ్గి వెళ్లి చూస్తే
చెరువూ మైదానమూ ఒకే మట్టం,
మధ్యలో గోలు కర్ర మీద కొంగ.
ఎనిమిది జట్లలో ఏడో స్థానమని ఊళ్లో చెప్పుకున్నాం.
మొగల్తూరు వాళ్లు రెండో ఆటకే మానేశారని
ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మొన్న ఉత్తరం వచ్చింది.
అట్టడుగు జట్టుని కింది డివిజన్‌కి దించుతామని.
కింద డివిజనేదీ లేదు.
కింద ఉన్నది ఉప్పు నీళ్లు.

యేసుపాదం మా ఇంటికొచ్చి
నా దగ్గరున్న పుస్తకం తియ్యమన్నాడు.
అతనికి చదువు రాదు.
ఏ వరస అని అడిగి, దాని మీద వేలు పెట్టాడు.
వేలికి కొబ్బరి మసి.
'గోలు రాశావు కదా?'
'రాశాను.'
'నిమిషం?'
'డెబ్బై ఒకటి.'
కాసేపాగి
'పంటు కూత కూడా రాయి' అన్నాడు.