ఏడో నంబరు

వెంబరీ తీరం, పొద్దున్న ఆరున్నర.
నీళ్ళు వెనక్కి తగ్గాయి గానీ
చలి తగ్గలేదు.
తెల్ల పైపుల చదరాన్ని రాతిమీద పెట్టి
దాని లోపలున్న ప్రాణాల్ని లెక్కపెట్టమన్నారు.

నాకు నలభై ఆరు.
పక్కన మోకాళ్ళ మీద వంగిన మార్వెన్నాకి పందొమ్మిది.
తను నలభై మూడంటుంది,
నేను నలభై ఒకటంటాను.
మళ్ళీ లెక్క, మళ్ళీ అదే తేడా.
స్విండన్‌లో మందుల షాపు కౌంటరు వెనక
ఇరవై రెండేళ్ళు మాత్రలు లెక్కపెట్టిన చేతులివి.
ఒక్కటీ తప్పలేదు.
మాత్రలకి నాచు పట్టదు మరి.

లింపెట్ అంటారు దీన్ని.
తెలుగులో ఏమంటారో తెలీక
నోట్‌బుక్ అంచున పెన్సిల్‌తో
గొడుగుచిప్ప అని రాసుకున్నాను.
వేలితో అలా తడితే చాలు,
అప్పులవాణ్ణి చూసి తలుపేసుకున్నట్టు
రాతిని కరుచుకుంటుంది.

నాలుక నిండా ఇనుప పళ్ళు.
నీళ్ళు కమ్మినప్పుడు పాచి గీక్కుంటూ బయల్దేరి
నీళ్ళు తీసేలోగా
తన గుంటలోకే తిరిగొస్తుంది.
రాతికి చిప్పా, చిప్పకి రాయీ అరిగి అరిగి
గిన్నే మూతా అయ్యాక
ఇంకెక్కడా అంత బాగా అతకదు.

"ఇల్లనీ బెంగనీ కథలు కట్టకండి," అన్నాడు ట్రెలోర్ మొదటి క్లాసులోనే.
"అది నత్త."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను,
రాసుకున్న వాక్యాన్ని అరచేత్తో కప్పేసి.

పోయిన నెల పన్నెండింటికి
నా గోళ్ళరంగుతోనే నంబర్లు వేశాం.
వంకాయ రంగు, పెళ్ళిళ్ళకి కొన్నది.
ఇవాళ పదకొండే ఉన్నాయి.
ఏడో నంబరు చోట
బొటనవేలి గోరంత గుంట,
నున్నగా, తడిగా.

"పిట్ట తన్నుకుపోయుంటుంది," అంది మార్వెన్నా.
ఏం రాయాలని అడిగితే
"లేదు, అని రాయండి," అన్నాడు ట్రెలోర్.
ఎందుకు లేదో రాయడానికి
కాగితం మీద గడి లేదు.

గుంటలో వేలు పెట్టి చూశాను.
నాకు పట్టే కొలత కాదు.

అలలు బూట్లదాకా వచ్చేశాయి.
"చివరికి ఎన్ని?" అని అరుస్తోంది మార్వెన్నా.
ఉప్పు పట్టిన కళ్ళజోడు తీసి
ముక్కు రాతికి ఆనేంతగా వంగాను.
ఓ పెద్ద చిప్ప వీపు మీద
ఆవగింజంతవి, రెండు,
నెమ్మదిగా మేస్తున్నాయి.

తడిసిన పెన్సిలే, అయినా రాసింది:
నలభై మూడు.