ఆరు చెంచాలు

కూహ్మోలో జనవరి అంటే
తొమ్మిదిన్నర దాటితే గానీ తెల్లవారదు,
మూడింటికల్లా మళ్ళీ చీకటే.
ఆ కాస్త వెలుతురులో నేను ఏడిళ్ళు తిరగాలి,
బీపీ చూడాలి, మాత్రలు డబ్బాల్లో సర్దాలి,
ఇంటింటా ఒక కప్పు తాగాలి.
వద్దన్నామా, గడప తొక్కనట్టే లెక్క ఇక్కడ.

సంచీలో ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితం.
రోజుకు మూడు కప్పులైతే కాలేయానికి మంచిదట,
మతిమరుపు కూడా ఆలస్యమవుతుందట.
వెనక్కి తిప్పితే
గుండెదడ, నిద్రలేమి, కడుపులో మంట.
చదివి వినిపించే నాకే
నాలుగో ఇంటికి వేళ్ళు వణుకుతాయి.
హిల్యా చేతికి పట్టీ బిగిస్తుంటే
పరుగెడుతున్న నాడి ఆవిడదో నాదో తెలియదు.
చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య ఇరికించుకుని
సాసర్లో పోసి ఊదుకుంటూ అంటుంది ఆవిడ:
"యుద్ధంలో రై గింజలు మాడ్చుకు తాగాం పిల్లా.
దానికే చెడ్డగుణమూ లేదు.
మంచిగుణమూ లేదు."

రాత్రి రెండింటికి
కప్పు మీంచి మంచు జారే చప్పుడంతా నాదే.
ఏ ఇంటి కాఫీ ఇంకా కళ్ళలో మేలుకుని ఉందో వెతుకుతాను.
రేపట్నుంచి సగమే అనుకుంటాను.
రేపు ఓయివా ఇల్లుంది.

ఓయివా కార్పినెన్, ఎనభై మూడేళ్ళు,
ఒకప్పుడు నదిలో దుంగలు తోలినవాడు.
కూతురి పేరు పోయింది, ఇది ఏ ఏడో పోయింది.
నన్ను ఒకరోజు పోస్టు మనిషంటాడు, ఒకరోజు చెల్లెలంటాడు.
డబ్బా మూత తీయగానే మాత్రం వీపు నిటారవుతుంది.
"ఒకటి," అంటాడు, "రెండు,"
చెంచా అంచు గోటితో చదును చేసి "మూడు..."
ఆరు దగ్గర ఆగి, మూత బిగించి
ఎక్కం అప్పజెప్పిన పిల్లాడిలా నా వైపు చూస్తాడు.

డాక్టరు రాశాడు: కాఫీ మాన్పించాలి, గుండె లయ తప్పుతోంది.
నిజమే. నేనూ విన్నాను,
మెట్లు దిగుతూ ఒక మెట్టు మరిచిపోయిన కాలిలా.
ఆ గుండె ఒక తట్టలో,
ఈ ఆరు అంకెలు ఒక తట్టలో.
తూనికరాళ్ళు మాత్రం ఏ కాగితంలోనూ లేవు.

నిన్న ఆరు దగ్గర ఆగాడు.
డబ్బాలోకి చూశాడు. నా వైపు చూశాడు.
"ఆరు," అన్నాడు మళ్ళీ, ఇంకో చెంచా వేస్తూ.
ఇంకోటి వేస్తూ, "ఆరు."

తారులా ఉంది. అడుగు దాకా తాగాను.

కారులో, అద్దం మీద మంచు కరిగేలోగా
రిపోర్టు రాయడానికి కూర్చున్నాను.
బీపీ నూట నలభై. ఆకలి బాగుంది.
జ్ఞాపకశక్తి అన్న గడి దగ్గర
చెయ్యి వణికింది.

కాఫీ వల్లనే.