మూడో బైటు రాని అక్షరం

రెండింటి పేరూ యూటీఎఫ్-ఎనిమిదే.
పేరు కలిసింది కదా అని
సమానం అనేశాను.
శుక్రవారం, సాయంత్రం ఆరున్నర.
మహదేవపురలో వాన మొదలయ్యేలోగా
క్యాబ్ ఎక్కాలన్న తొందర.

అంతకుముందు రాసినవాళ్లు చిరునామాలు పోల్చేవారు.
మెమరీలో ఇద్దరూ ఒకే గుమ్మంలో ఉంటేనే ఒకటట.
అది మరీ అన్యాయమని
నేనే దిద్దాను, కొంచెం గర్వంగా కూడా.

రాత్రి రెండింటికి ఫోను.
మదనపల్లె నీటి బిల్లుల్లో ఒక పేరు,
పుల్లంశెట్టి ఋషీంద్రమ్మ, నీరుగట్టువారిపల్లె,
గడిలో పట్టక చివర తెగింది.
తెలుగక్షరానికి మూడు బైట్లు కావాలి.
రెండే వచ్చాయి.
ఒక ఎన్‌కోడింగ్ అయితే ఆ మొండి అక్షరం చోట
నల్ల డైమండులో ప్రశ్నార్థకం పెట్టి
తన దారిన పోయేది.
రెండోది అక్కడే చతికిలబడి కేకేస్తుంది.
రెండూ ఒకటేనని నేనే చెప్పాను గనక
దాని చేతికి దీని పని వెళ్లింది.
ఆవిడ వెనక వరసలో ఉన్న నాలుగు వేల ఇళ్లకు
ఆ రాత్రి బిల్లు లేదు.

సోమవారం మచ్చయ్య
నా స్క్రీను మీద వేలు ఆనించి అన్నాడు:
"తెలిసిన అక్షరాల దగ్గర అందరూ ఒకలాగే ఉంటారు.
తెలియనిది ఎదురైతే ఏం చేస్తారో
అది పోల్చు."
లేవబోతూ, అలవాటుగా, "హాష్ మార్చావా?"
మార్చలేదు.
మార్చకపోతే సమానమైన ఇద్దరూ
చెరో అరలో పడి
ఒకరికొకరు దొరకనే దొరకరు.

దిద్దాను.
కోడ్‌పేజీ నంబరూ,
ఫైలు నెత్తిన మోసుకొచ్చే ఆ కనపడని మూడు బైట్లూ,
తెగిన అక్షరం ముందు చూపించే గుణమూ
అన్నీ కలిస్తేనే ఇక నిజం.

బస్టాపులో
కన్నడ బోర్డుని తెలుగు కళ్లతో చదువుతున్నాను.
సున్న, అచ్చం మా సున్నే.
యూనికోడ్‌లో మాత్రం
నూట ఇరవై ఎనిమిది గడుల అవతల, పక్కవీధిలో.
మెషీను ఈ రెంటినీ ఒకటనదు.
నా కన్ను రెండనదు.

ఒక ఒత్తు దగ్గర ఆగిపోయాను.
మల్లెలు కడుతున్న అమ్మాయిని అడిగితే
నా మాట ఆమెకి సగమే అందింది.
మొహంలో ప్రశ్నార్థకం పెట్టలేదు,
కేకా వెయ్యలేదు.
దారం పళ్లతో పట్టుకుని లేచి,
బోర్డు దాకా వచ్చి,
ఆ ఒత్తు కింద వేలు పెట్టి
నెమ్మదిగా చదివింది.
మళ్లీ చదివింది, నేను పలికేదాకా.

ఈ పద్ధతి మా లైబ్రరీలో లేదు.
ఈలోగా బస్సు వెళ్లిపోయింది.