ఖాళీ బండి బరువు

నువ్వడిగావని చెబుతున్నా, సుబ్బరత్నం.
రేపు పొద్దున ఏమీ తినకు, టీ కూడా వద్దు.
మొదటి రోజు నేను రెండిడ్లీలు తినిపోయా.
నడుం వంచీ వంచగానే
అల్లప్పచ్చడి గొంతు దాకా వచ్చి పలకరించింది.

చీమకుర్తిలో, రాళ్లు కోసే బ్లేళ్ల కొట్టు పైన
మేడ మీద హాలు. చెప్పులు మెట్ల దగ్గరే.
ఏదో పాట పెడతారనుకున్నా, లేదు.
పదిమంది ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు,
లోడు లారీ ఆగి బ్రేకు గాలి వదిలినట్టు
గొంతు వెనక సన్నగా, బుస్సుమని.
ఎవరి వరస వాళ్లది.
కొత్తమనిషొచ్చిందని ఒక్కరూ తల తిప్పలేదు.
నాకు ముందు నచ్చింది అదే.

రమీజా లెక్క పెడుతుంది
ఏకం, ద్వే, త్రీణి...
ఏకానికి చేతులు పైకి, పీల్చు.
ద్వేకి కిందికి వంగు, వదులు.
నేను త్రీణిలో వేలాడుతుంటే
హాలు హాలంతా షట్‌లోకి పోయింది.
రోజూ వంద లారీల లెక్క తప్పనిదాన్ని,
ఆరు దాకా లెక్కపెట్టలేకపోయా!
నవ్వుదామనుకుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి.
"పోతే పోనీ అక్కా,
ఆ లెక్క మళ్లీ ఏకం దగ్గరికే వస్తుంది" అంది.

చత్వారికి నేల దాకా దిగాలి, నేలకి తగలకుండా.
నేను తగిలా. పడ్డాననే చెప్పుకో.
చాప దాటిన ముక్కు కింద మన రాయే,
అంచు విరిగి ఓడెక్కని గెలాక్సీ పలక.
నలుపులో బంగారు నలుసులు, ఎన్నని!
పంతొమ్మిదేళ్లు టన్నుల్లో చూసిన రాయిని
బెత్తెడు దూరంలో చూడ్డం అదే మొదలు.

పక్క చాప మీద చెంచురామయ్య,
కరెంటాఫీసులో లైన్‌మన్ చేసి దిగిపోయినాయన, డెబ్బై దాటాయి,
స్తంభం దిగినంత తేలిగ్గా మడమలు నేలకి ఆనించాడు.
నావి గాల్లోనే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.
ఐదు ఊపిరులు అట్లాగే ఉండమంటుంది.
మూడో ఊపిరికి ఇంటికి పోదామనిపిస్తుంది.
పోవాకు.

చివర్లో వెల్లకిలా పడుకోబెడతారు.
కింద రోడ్డు మీద మన లారీలు మొదలవుతాయి,
గోడ సన్నగా అదురుతుంది.
మన పని నీకు తెలిసిందేగా,
లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలిన రాయికే డబ్బులు.
ఆ మధ్య గడి ఎవరూ చదవరు.
ఆ పూట చేతులు తెరిచి పడుకుని
నన్ను నేను ఆ గడిలో చూసుకున్నా.
ఎంతని అడగబాక, చీటీ రాలేదు.

రెండో రోజు మెట్లు దిగడం కష్టం,
పీట మీద కూర్చుంటే లేవడం ఇంకా కష్టం.
శనివారం సెలవు, అమావాస్యకీ పున్నానికీ కూడా,
మన కాటాకి లేని సెలవులు.
తువ్వాలు తెచ్చుకో. చున్నీ వద్దు, కాళ్లకి అడ్డం.
ఐదున్నరకి కిందికొచ్చి నిలబడు,
హారన్ కొట్టను, ఊరు పడుకుని ఉంటుంది.