ఇరవయ్యో వరుస

వల్పరాయిసోలో ఇల్లు చేరాలంటే మెట్లు.
మా కొండకి రెండువందల పదకొండు,
కూరగాయల సంచీ ఉన్నరోజు ఇంకో పది.
కింద రేవు ఆఫీసులో, నా తెర మీదా అదే తంతు:
మొదటి గుమ్మం నుంచి దిగాలి,
సర్వర్లో రేవు, రేవులో వాతావరణం,
వాతావరణంలో ఏళ్ళు, ఏళ్ళలో నెలలు.
ఒక్క అక్షరం తప్పామా
పరాయివాళ్ళ వంటింట్లో తేలతాం.

అందుకే ఆ కిటుకు పట్టుకున్నాను.
రెండు మీటలు కలిపి నొక్కితే
ఎడిటర్ అడుగున చిన్న జాబితా విచ్చుకుంటుంది:
ఈమధ్య నేను తిరిగిన ఫోల్డర్లు, ఇరవై,
ఆఖరున అడుగుపెట్టింది అన్నిటికన్నా పైన.
"క్రే" అంటే క్రేన్ల లెక్కలు.
"ఆటు" అంటే ఆటుపోట్లు.
మిగతా పేరు అడగదు,
కొండ లిఫ్టు నడిపే నిబాల్దో
నా మొహం చూసి తలుపు లాగేసినట్టు.

పెద్దాచిన్నా దానికి పట్టవు.
రాత్రి విసుగులో తెరిచి మూసిన చిత్తు ఫోల్డరు
పొద్దున్న జీతాల నెత్తిన కూర్చుని ఉంటుంది.
ఏది ముఖ్యమో అది అడగలేదు,
ఎప్పుడొచ్చావో రాసుకుంది, అంతే.
ఇరవై ఒకటోది రాగానే
ఇరవయ్యోది చప్పుడు లేకుండా జారిపోతుంది.

ఆ చివరి వరుసల్లో ఎప్పుడూ ఒకటి వేలాడుతుంటుంది:
"ఉత్తరగాలి".
ఎలిసేయో బార్రియెంతోస్ రాసిన తుఫాను హెచ్చరిక.
ఆయన పింఛను తీసుకుని తొమ్మిదేళ్ళు,
రాజధాని నుంచి కొత్తది వచ్చి ఆరేళ్ళు.
పాతదాన్ని ఆపేశారు, చెరపడం మరిచారు.
కోడ్ మధ్యలో ఆయన గొంతు వినిపించే వ్యాఖ్యలు:
"ఇక్కడ చెయ్యి పెట్టకు.
పెట్టక తప్పదంటే ముందు టీ తాగు."
ఇంకా కిందకి, ఒక దశాంశం పక్కన:
"ఈ అంకె ఎక్కడిదని అడక్కండి.
మా నాన్న మోకాలు చెప్పింది."

శుక్రవారం ఇంటికెళ్ళే ముందు
దాన్నొకసారి తెరుస్తాను. ఏమీ చెయ్యను. మూస్తాను.
మళ్ళీ మొదటి వరుస, మళ్ళీ వారమంతా దిగడం.
పక్క కుర్చీ లౌతారో చూశాడు, ఇరవై నాలుగేళ్ళవాడు.
"రొసౌరా, జాబితా పొడవు పెంచుకో,
ఒక్క అంకె మారిస్తే రెండువందలు పడతాయి."
తెలుసు నాయనా.
రెండువందలు పడితే నేను వెళ్ళక్కర్లేదు కదా.

జూన్‌లో నిజంగానే ఉత్తరం నుంచి కొట్టింది.
సముద్రం గట్టెక్కి రోడ్డు మీదికొచ్చింది,
కంటైనర్లు ఒకదాన్నొకటి రాసుకుని మూలిగాయి.
మూడు రోజుల్లో ముప్ఫై చోట్లకి పరిగెత్తాను.
శుక్రవారం, శుక్రవారమని గుర్తే లేదు.
సోమవారం "ఉత్త" అని కొట్టాను.
ఉత్తదే వచ్చింది.

సరే, మెట్లే.
మొదటి గుమ్మం నుంచి ఒక్కొక్కటే దిగాను.
దారిలో నేనే పేరుపెట్టి మరిచిన అరలు,
మునిగిపోయిన ఓ టగ్గు పేరుతో ఒక ఏడాది,
"తర్వాత" అని ఒక ఫోల్డరు, లోపల ఏమీ లేదు.
అట్టడుగున ఉత్తరగాలి, ఉన్నచోటే ఉంది.
తేదీ మాత్రం మారింది. శుక్రవారం, రాత్రి రెండున్నర.
మోకాలు వాక్యం కింద కొత్త వరుసలు:
"టీ తాగాకే వచ్చాను.
తిప్పి చూశాను. కొత్తదానికన్నా
నలభై నిమిషాల ముందే చెప్పి ఉండేది. లౌ."
పక్క కుర్చీ ఖాళీ.
ఇంకా నిద్రపోతున్నాడేమో, పోనీ.

ఆ సాయంత్రం లిఫ్టు మరమ్మతులో ఉంది.
నిబాల్దో గ్రీజు చేతులు తుడుచుకుంటూ
గడ్డంతో మెట్లవైపు చూపించాడు.
నూట నలభయ్యో మెట్టు దగ్గర
నా మోకాలు ఏదో చెప్పబోయింది.
ఆగి విన్నాను.